మదనపల్లె కళాశాలలో పాటల సాయంకాలములు

(సూరతు నగరమున సలాబత్‌పురాలోని తెలుగు కుటుంబముల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



కళోత్సవమనగానే పెద్ద నగరము, విశాలమైన మందిరము, వేలకొలది ప్రేక్షకులు, వారి యెదుట పేరుమోసిన గాయకుడు – ఇట్టి దృశ్యమే అందఱి కన్నులకు కట్టును. ఇవి లేనిచోట కళ వర్ధిల్లదనియు, తమబోటి చిన్న సంఘములు సంవత్సరమున కొకసారి జరుపుకొను వేడుకతో తృప్తిపడవలసినదే యనియు చాలమంది తలంతురు. ఈ తలంపు సరియైనది కాదని చూపుటకు తెలుగుదేశమున జరిగిన ఒక యథార్థగాథ కలదు. అది ఒక చిన్న కళాశాల గాథ. వారమున కొకనాడు ఆ కళాశాలలో జరుగుచుండిన పాటల కూటమి గాథ. నేడు కోట్లకొలది జనులు లేచి నిలిచి పాడు జాతీయగీతము ఆ కూటమిలో ఒక సాయంకాలము రచయిత నోటనే వినబడినది. ఆ కళాశాలలోనే దానికి ఆంగ్లరూపమును లభించినది. అది దక్షిణదేశమున ఒక విద్యాలయపు నిత్యగానమైనదియు అచ్చటనే.

ఈ గాథకు పూర్వరంగము వెదకినచో సూరతు నగరమే ఎదురగును. 1907వ సంవత్సరము డిసెంబరులో కాంగ్రెసు మహాసభ ఇచ్చటనే సమావేశమైనది. రాస్‌బిహారీ ఘోషుగారు అధ్యక్షులు. మితవాదులకును అతివాదులకును పొసగక మొదటినాడే సభ గందరగోళములో ముగిసినది. మరునాడు, అనగా డిసెంబరు 27వ తేదీన, వేదికమీదికి ఒక పాదరక్ష వచ్చి పడినది. కుర్చీలు లేచినవి, కఱ్ఱలు లేచినవి. సభ భగ్నమైనది. దేశమున కంతటికి ఒక్క గొంతుక కావలసిన సమయమున గొంతుకలు రెండైనవి. సరిగా నాలుగు సంవత్సరములకు, 1911 డిసెంబరు 27వ తేదీన, కలకత్తా కాంగ్రెసు సభలో రెండవనాడు రవీంద్రనాథ ఠాకూరుగారి కొత్త గీత మొకటి పాడబడినది. అదియే 'జనగణమన'. తేదీలు కలియుట కేవలము కాకతాళీయమే. కాని సూరతులో ఏ ఐకమత్యము విచ్ఛిన్నమైనదో ఆ ఐకమత్యమే ఆ పాటకు వస్తువైనది. దేశములోని ప్రాంతములను, పర్వతములను, నదులను, మతములను ఒక్కొక్కటిగా పేర్కొని, అన్నింటిని ఒక్క భాగ్యవిధాత చెంతకు చేర్చుట ఆ గీతము చేయు పని.

సూరతులో విడిపోయిన రెండు పక్షములు 1916లో లక్నోలో తిరిగి కలిసికొనినవి. ఆ కలయికకై శ్రమించినవారిలో అనీబీసెంటు అమ్మగారు ముఖ్యురాలు. ఆమె స్థాపించిన కళాశాలయే ఈ ప్రసంగమునకు విషయము.

మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైగా ఎత్తున, కొండల నడుమ నున్న చల్లని ఊరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు కడప జిల్లానుండి వేరై అందులో చేరినది. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో జన్మించినది ఈ ఊరిలోనే. దివ్యజ్ఞాన సమాజమువారు ఇచ్చట మొదట పాఠశాల నడపిరి. 1915లో బీసెంటు అమ్మగారు కళాశాలను నెలకొల్పిరి. జనులు దానిని నేటికిని 'బి.టి. కళాశాల' అని వ్యవహరింతురు. నేడు రాయలసీమ యని పిలువబడు ప్రాంతమున ఇదియే మొదటి కళాశాలయని చెప్పుదురు.

కళాశాల పుట్టిన మరుసటి యేడే బీసెంటు అమ్మగారు హోంరూలు ఉద్యమమును ప్రారంభించిరి. 1917 జూనులో ప్రభుత్వము ఆమెను నిర్బంధించినది. దేశమంతట అలజడి చెలరేగినది. మూడు నెలలకు ఆమె విడుదలయై, ఆ డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెసుకు అధ్యక్షత వహించిరి. ఈ ఉద్యమముతోడి సంబంధమువలన మదనపల్లె కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయపు అనుబంధమును కోల్పోయినది. అనుబంధము పోవుట యనగా ఏమో ఆఫీసులలో పనిచేయువారికి వేరుగ చెప్పనక్కఱలేదు. పట్టము లేనిచో సర్కారు కొలువు లేదు. కొలువు లేనిచో పిల్లవానిని కళాశాలకు పంపుటకు తలిదండ్రులు వెనుదీయుదురు. ఆ దశలో కళాశాల, బీసెంటు అమ్మగారు అడయారులో నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయముతో చేరినది. ఆ విశ్వవిద్యాలయమునకు ఛాన్సలరు రవీంద్రనాథ ఠాకూరుగారు. ఈ విధముగా, సర్కారు గుర్తింపు లేని ఒక చిన్న కళాశాలకు నోబెలు బహుమాన గ్రహీతయగు మహాకవితో బంధుత్వము కలిగినది.

అప్పటి ప్రిన్సిపాలు జేమ్సు హెన్రీ కజిన్సుగారు. ఆయన ఐర్లండు దేశీయుడు. 1873లో బెల్‌ఫాస్టులో జన్మించెను. ఐరిషు సాహిత్య పునరుజ్జీవనములో యేట్సు మొదలగు వారితోపాటు పాల్గొనిన కవి, నాటకకర్త. 1915లో బీసెంటు అమ్మగారి పత్రికయగు 'న్యూ ఇండియా'లో పనిచేయుటకు మద్రాసు వచ్చెను. మరుసటి సంవత్సరము డబ్లినులో తిరుగుబాటు జరిగినపుడు దానిని గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము కారణముగా ఆ ఉద్యోగము పోయినది. పత్రిక విడిచిన ఆయన మదనపల్లెకు ఉపాధ్యాయుడుగా చేరెను. 1917లో ఆయన ప్రకటించిన ఆంగ్లసాహిత్య విమర్శ గ్రంథమును సమీక్షింప బూనియే శ్రీ అరవిందులు 'భవిష్యత్ కవిత' అను తమ మహావ్యాసమునకు నాంది పలికిరి. చిత్రకళలోను కజిన్సుగారికి మక్కువ మెండు. అవనీంద్రనాథ ఠాకూరుగారి సంప్రదాయమునకు చెందిన బెంగాలు చిత్రములను దక్షిణదేశమునకు పరిచయము చేసినవారిలో ఆయన అగ్రగణ్యుడు. తరువాతి కాలమున మైసూరు జగన్మోహన చిత్రశాలకును, తిరువనంతపురములోని శ్రీచిత్రాలయమునకును రూపకల్పనలో తోడ్పడినదియు ఆయనయే.

ఆయన భార్య మార్గరెటు కజిన్సు అమ్మగారు సంగీత విద్యలో పట్టభద్రురాలు. స్త్రీలకు వోటుహక్కు కోరి ఐర్లండులోను, ఇంగ్లండులోను చెఱసాలకేగిన ధీరురాలు. 1917లో భారత మహిళా సంఘమును స్థాపించినవారిలో ఒకరు. ఆ సంవత్సరము డిసెంబరులో సరోజినీనాయుడు గారి నాయకత్వమున స్త్రీల ప్రతినిధివర్గము మాంటేగు మంత్రిని మద్రాసులో కలిసికొని వోటుహక్కు కోరినది. ఆ వర్గమును సమకూర్చినది ఈమెయే.

ఈ దంపతులు మదనపల్లెలో నడపిన కార్యక్రమము మిక్కిలి సామాన్యమైనది. వారమున కొకసారి సాయంకాలమున విద్యార్థులు, ఉపాధ్యాయులు ఒకచోట చేరుదురు. ఎవరికి వచ్చిన పాట వారు పాడుదురు. పల్లవి వచ్చినపుడు అందఱును కలిసి పాడుదురు. అంతియే. టిక్కెట్టు లేదు, అహ్వానపత్రము లేదు, సన్మానము లేదు. ఐర్లండు గ్రామములలో చలికాలపు రాత్రులయందు కుంపటిచుట్టు చేరి పాడుకొను అలవాటు ఆ దంపతులు ఎఱిగినదే. తెలుగు పల్లెలలో భజన కూటములు, హరికథా కాలక్షేపములు ఆ పిల్లలు ఎఱిగినవే. కావున ఎవరికిని అది కొత్తగా తోపలేదు.

1919వ సంవత్సరారంభమున ఠాకూరుగారు దక్షిణదేశ యాత్రకు బయలుదేరిరి. అంతకు ముందు నెలలోనే, అనగా 1918 డిసెంబరులో, శాంతినికేతనమున విశ్వభారతికి శంకుస్థాపన చేసియుండిరి. విద్యను గూర్చియు, కళలను గూర్చియు తమ మనస్సులోని మాటలను జనులకు చెప్పుటయే ఆ యాత్రకు ముఖ్యప్రయోజనము. బెంగుళూరు, మైసూరులతో మొదలుపెట్టి తమిళదేశములోని పెక్కు పట్టణములలో ప్రసంగించిరి. ప్రయాణముల వలనను, సభల వలనను అలసినవారై ఫిబ్రవరి చివరి వారమున మదనపల్లెకు వచ్చి, కజిన్సు దంపతుల అతిథులై, విశ్రాంతి గైకొనిరి.

ఆ వారపు పాటల కూటమికి ఠాకూరుగారును వచ్చి కూర్చుండిరి. పిల్లల పాటలు వినిరి. పిదప తామును ఒక పాట పాడవచ్చునా యని అడిగిరి. పాడినది 'జనగణమన'. కజిన్సుగారు తమ ఆత్మకథలో ఈ సంగతిని వర్ణించిరి. అంత పెద్ద విగ్రహమునకు అంత సన్నని స్వరమా యని మొదట ఆశ్చర్యము కలిగినదట. తొలి చరణము వినగా దేశ భూగోళపాఠమువలె తోచినదట. రెండవ చరణమున మతముల పేర్లు వచ్చినవట. కాని జయజయధ్వానముతో పల్లవి వచ్చుసరికి అందఱి చెవులును నిక్కినవి. రెండవసారి వచ్చుసరికి గొంతులు సవరించుకొనిరి. మరల పాడుడని కోరిరి, మరల మరల కోరిరి. కొంతసేపటికి కూటమి యంతయు ఆయనతోపాటు పాడసాగినది. బెంగాలీ భాష తెలియని తెలుగు, తమిళ, కన్నడ బాలురు ఆ పాటను అందుకొనుటకు అంతకాలమే పట్టినది.

పాట నచ్చినది, అర్థము తెలియవలెను. పిల్లలకు అర్థము చెప్పుటకై ఠాకూరుగారు 1919 ఫిబ్రవరి 28వ తేదీన ఆ గీతమును తామే ఆంగ్లములోనికి అనువదించి, 'భారతదేశ ప్రభాతగీతము' అను అర్థము వచ్చు పేరు పెట్టి, స్వహస్తముతో వ్రాసి యిచ్చిరి. మార్గరెటు అమ్మగారు పిల్లలచేత పాడించి చూచుచు, గాలికి పోకుండ బాణీని స్వరలిపిలో వ్రాసికొనిరి. కళాశాలలో ఆ పాట ఉదయ ప్రార్థనా సమావేశపు గీతమైనది. తరువాత వచ్చిన విద్యార్థులు దానిని తమ తమ ఊళ్లకు తీసికొనిపోయిరి.

ఇచ్చట రెండు మాటలు స్పష్టము చేయవలసియున్నవి. జాతీయగీతము మదనపల్లెలోనే వ్రాయబడినదని కొందఱు తెలుగువారు అభిమానముతో చెప్పుచుందురు. అది సరికాదు. గీతము 1911లో బెంగాలులో పుట్టినది, 1912 జనవరిలో 'తత్త్వబోధిని' పత్రికలో అచ్చైనది. మదనపల్లెలో పుట్టినది దాని ఆంగ్లరూపము. బాణీ కూడ మార్గరెటు అమ్మగారు కల్పించినది కాదు. ఠాకూరుగారు పాడిన పాటకే ఆమె స్వరలిపి కూర్చిరి. ఉన్న గౌరవము చాలినంత యుండగా లేనిది కలుపుకొనవలసిన అవసరము లేదు. రెండవది, ఈ గీతము జార్జి చక్రవర్తిని స్తుతించునదను అపవాదము. 1911 డిసెంబరులో చక్రవర్తి ఈ దేశమున నుండుటచేతను, నాటి ఆంగ్లపత్రికలు వార్తను తారుమారుగా ప్రకటించుటచేతను ఈ అపవాదము పుట్టినది. యుగయుగములుగా జనుల రథమును నడుపు ఆ భాగ్యవిధాత ఏ జార్జియు కాజాలడని ఠాకూరుగారే 1937 నవంబరులో ఒక లేఖలో స్పష్టపఱచిరి. మదనపల్లె పిల్లలకు ఈ సందేహము కలిగియుండదు. రాజద్రోహపు నెపమున అనుబంధము పోగొట్టుకొనిన కళాశాలలో రాజస్తుతిని ప్రార్థనాగీతముగా ఎవరు పాడుదురు?

ఆ మదనపల్లె వారము గడచిన కొలదికాలమునకే దేశము మీద చీకట్లు ముసరినవి. మార్చిలో రౌలటు చట్టము వచ్చినది. ఏప్రిలు 13వ తేదీన జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిగినవి. మే 30వ తేదీన ఠాకూరుగారు తమ 'సర్' బిరుదమును త్యజించుచు వైస్రాయికి లేఖ వ్రాసిరి. కజిన్సుగారు ఆ సంవత్సరమే టోకియోలోని కేయో విశ్వవిద్యాలయమున బోధించుటకు జపాను వెళ్లిరి. ఈ విధముగా చూచినచో ఆ కళాకాలము ఎంతో కొద్దిదినములది. కాని ఆ కొద్దిదినములలో పట్టుకొనిన పాట విడువలేదు.

1937లో జాతీయగీతమును గూర్చి దేశమున వాదములు చెలరేగినపుడు కజిన్సుగారు ఆ నవంబరులో మద్రాసు పత్రికకు వ్రాయుచు, ఠాకూరుగారి ప్రభాతగీతమునే జాతీయగీతముగా స్థిరపఱుపవలెనని సూచించిరి. 1942లో సుభాసు చంద్రబోసుగారి ప్రోత్సాహమున జర్మనీలోని హాంబర్గు నగరమున వాద్యబృందము ఆ గీతమును వాయించినది. 1947లో న్యూయార్కున ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశమున భారత ప్రతినిధివర్గమును జాతీయగీతమేదని అడిగినపుడు దీనినే ఇచ్చిరి. వాయించిన బాణీ వివిధదేశముల ప్రతినిధుల మెప్పు పొందినదని నెహ్రూగారు 1948 ఆగస్టులో రాజ్యాంగసభకు తెలియజేసిరి. 1950 జనవరి 24వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు రాజ్యాంగసభలో దీనిని జాతీయగీతముగా ప్రకటించిరి. ఐదు చరణములలో మొదటిది మాత్రమే జాతీయగీతము. పూర్తిగా పాడుటకు సుమారు 52 సెకనులు పట్టునని గృహమంత్రిత్వశాఖవారి ఉత్తరువులలో నున్నది. మార్గరెటు అమ్మగారు 1954లోను, కజిన్సుగారు 1956లోను పరమపదించిరి. తమ ఇంటి పాటల కూటమిలో విన్న పాట గణతంత్రదేశపు గీతమగుటను ఇరువురును కన్నులార చూచిరి.

ఇది యంతయు అదృష్టమువలన జరిగినదని అనవచ్చును. మహాకవి రాకపోయిన యెడల ఏమి జరిగియుండును? నిజమే. కాని ఆయన ఆ యాత్రలో ఎన్నో పట్టణములకు పోయిరి. ఎన్నో పెద్ద మందిరములలో ప్రసంగించిరి. ఆ పట్టణములన్నింటిలోను స్వాగతపత్రములు చదివిరి, పూలదండలు వేసిరి. 'నేనును ఒక పాట పాడవచ్చునా' యని ఆయన చేత అడిగించిన స్థలము మదనపల్లెయే. పూలదండ వేయించుకొనిన అతిథి మాట్లాడును. పాడువారి నడుమ కూర్చుండిన అతిథి పాడును. ఈ భేదమునందే మర్మమంతయు నున్నది.

ఇందుకు తోడ్పడిన కారణములు మూడు. మొదటిది క్రమము తప్పకుండుట. అతిథి వచ్చుచున్నాడని ఆ కూటమి ఏర్పఱుపలేదు. అది ప్రతివారము జరుగుచునే యుండెను, అతిథి దానిలోనికి వచ్చెను. రెండవది వేదిక లేకుండుట. ప్రిన్సిపాలును, విద్యార్థియు ఒకే చాపమీద కూర్చుండి ఒకే పల్లవి పాడినపుడు వినువారు, పాడువారు అను తేడా యుండదు. కావుననే కొత్తపాటను కొద్దిసేపటిలో అందుకొనగలిగిరి. మూడవది వ్రాసిపెట్టుట. ఠాకూరుగారు అర్థము వ్రాసి యిచ్చిరి, మార్గరెటు అమ్మగారు స్వరము వ్రాసికొనిరి. పాడినది పాడినట్లే విడిచినచో ఆ రాత్రితోనే అది ముగిసియుండెడిది.

మదనపల్లె ఒక్కటే ఇట్టిదని తలంపరాదు. ఆ కాలముననే గోదావరి తీరమున రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డు కూల్డ్రేగారు ప్రిన్సిపాలుగా నుండిరి. ఆయన చిత్రకారుడు, కవి. బొమ్మలు గీయు పిల్లలను చేరదీసి, తన ఇంటనే కూర్చుండబెట్టుకొని నేర్పెడివారు. దామెర్ల రామారావుగారు, అడివి బాపిరాజుగారు ఆ నీడలో పెరిగినవారే. రామారావుగారిని బొంబాయి చిత్రకళాశాలకు పంపించినదియు ఆయన ప్రోద్బలమే. ముప్పదియేండ్లు నిండకమునుపే, 1925లో రామారావుగారు కాలధర్మము చెందిరి. కాని ఆ స్వల్పకాలములోనే ఆంధ్రచిత్రకళకు ఒక సంప్రదాయము ఏర్పడినది. రాజమహేంద్రవరములో ఆయన పేరిట వెలసిన చిత్రశాల నేటికిని ఆ కథను చెప్పుచున్నది. అచ్చటను విశేష ధనము లేదు, అధికార పత్రము లేదు. ప్రతిదినము పిల్లలకు కొంతకాలము కేటాయించిన పెద్ద యొకడు, నేర్వగోరిన పిల్లలు కొందఱు – ఇంతియే.

ఇక సలాబత్‌పురా మాట.

వర్షములు కఱవై, చేనేత మగ్గములకు పని తగ్గి, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ మొదలగు సీమల పద్మశాలి కుటుంబములు ఒకదానివెంట ఒకటి సూరతుకు తరలివచ్చినవి. చేతిమగ్గమున నాడె విసరిన చేతులే ఇచ్చట మరమగ్గముల యొద్ద నిలిచినవి. మగ్గములు రేయింబవళ్లు ఆగవు. పనివారు వంతులవారీగా పోయి వత్తురు. వీరుగాక కేంద్రప్రభుత్వ కార్యాలయములలో పనిచేయుచు బదిలీమీద వచ్చి పోవు తెలుగు ఉద్యోగుల కుటుంబములును కలవు. ఈ రెండు వర్గములును ఒకే భాష మాట్లాడుచున్నవి. కాని ఒకరి వాకిలి ఒకరు తొక్కుట అరుదు. ఆఫీసరు ఇంటి పిల్లవానికి ఉగాది పద్యము వచ్చును, మగ్గముపై బ్రతుకు వాని తల్లికి బతుకమ్మ పాటలు వచ్చును. అతని పద్యము ఆమె వినదు, ఆమె పాట అతడు వినడు.

పిల్లల సంగతి ఇంకను ఆలోచింపదగినది. వీధిలో గుజరాతీ, బజారులో హిందీ, పాఠశాలలో ఆంగ్లము – ఇన్నింటి నడుమ తెలుగు నాయనమ్మతో మాట్లాడు భాషగా మాత్రము మిగులుచున్నది. సూరతు నగరపాలక సంస్థవారు అనేక భాషలతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలు నడపుట మిక్కిలి మెచ్చదగిన విషయము. పరభాషా నగరమున తెలుగు అక్షరములు దిద్దించు బడి దొరకుట సామాన్యమైన భాగ్యము కాదు. కాని బడి అక్షరము నేర్పగలదు. ఆ అక్షరముతో పనియేమో చూపవలసినది ఇల్లును, సంఘమును. చదువుటకు పాట, పాడుటకు చోటు లేనిచో నేర్చిన అక్షరము నాలుగేండ్లలో మాసిపోవును. నాయనమ్మ పోయిననాడు ఆ ఇంట తెలుగును పోవును.

దీనికి చేయవలసినది సంవత్సరమున కొక పెద్ద ఉత్సవము కాదు. వార్షికోత్సవము వలదని అనుట లేదు. అది కావలసినదే. కాని ఆ ఒక్కదినమునకై నెలల తరబడి చందాలు వసూలు చేసి, దూరమునుండి గాయకుని రప్పించి, వేదిక కట్టి, మరునాడు వేదిక విప్పి, తిరిగి సంవత్సరము నిద్రించుటవలన పిల్లల నోటికి ఒక పాటయు రాదు. దానికి బదులుగా వారమున కొక గంట చాలును. మరమగ్గముల వారికి వంతులు మారు దినమేదో చూచి, వారికి వీలైన వేళనే నిర్ణయింపవలెను, ఆఫీసువారికి వీలైన వేళ కాదు. ఒక చాప, ఒక దీపము, వీలైన యెడల ఒక హార్మోనియము. ఒక వారము పోతన పద్యము, ఒక వారము మగ్గపు పాట, ఒక వారము బతుకమ్మ పాట, ఒక వారము త్యాగయ్య కీర్తన. పల్లవి అందఱును పాడవలెను. డైరెక్టరుగారు పాడకుండ వినుచు కూర్చుండరాదు, ఆయనకు రాగము రాకపోయినను సరియే. పాడిన ప్రతి పాటను పిల్లలచేత తెలుగులిపిలో ఒక పుస్తకమున వ్రాయింపవలెను. ఏ పాట ఎవరినుండి వచ్చినదో, వారిది ఏ ఊరో కూడ వ్రాయింపవలెను. పది సంవత్సరములలో ఆ పుస్తకము ఏ గ్రంథాలయమునను దొరకని గ్రంథమగును.

మరియొక మాట. మదనపల్లె కూటమి తెలుగుపాటల కూటమి మాత్రమే యైయుండినచో అందు బెంగాలీ పాటకు చోటుండెడిది కాదు. కావున సలాబత్‌పురా కూటమిలో పొరుగింటి గుజరాతీ సోదరి గర్బా పాటకును చోటుండవలెను. పొరుగున నుండు ఒడియా, మరాఠీ సోదరుల పాటకును చోటుండవలెను. అతిథి పాడదలచినపుడు కూటమి చెవియొగ్గవలెను. సొంతపాట వచ్చినవానికే పరుల పాటను మనసార వినుట చేతనగును. సొంతపాట మఱచినవాడు అన్ని పాటలయెడ పరాయివాడే యగును.

జాతీయగీతము నందే ఈ సంగతి కనబడును. అందు గుజరాతు పేరు కలదు. తెలుగుదేశము పేరు వేరుగ లేదు, ద్రావిడమను పేరున అది ఇమిడియున్నది. సింధుదేశము 1947లో వేరు దేశమునకు పోయినను పేరు మాత్రము గీతమున అట్లే నిలిచినది. దానిని తొలగింపవలెనని కొందఱు కోరగా, 2005లో సుప్రీముకోర్టువారు ఆ కోరికను త్రోసిపుచ్చిరి. సింధు అనగా భూభాగము మాత్రమే కాదు, ఆ సంస్కృతియు ఆ జనులును అని వారు తీర్పు చెప్పిరి. సరిహద్దు దాటి వచ్చిన సింధీ కుటుంబములు ఎక్కడ నిలిచిన అక్కడ సింధు కలదని దాని భావము. ఆ న్యాయమే తెలుగువారికిని వర్తించును. తెలుగుదేశమనగా పటములోని గీతల నడుమ నున్న నేల మాత్రమే కాదు. తాపీనది ఒడ్డున, మగ్గముల మ్రోత నడుమ, ఒక ఇరుకు గదిలో నలువురు తెలుగు పిల్లలు కలిసి ఒక తెలుగు పల్లవి పాడుచున్నచో ఆ గంటసేపు అదియును తెలుగుదేశమే. పాడనిచో సొంత ఊరిలో నున్నను కాదు.

నేతపని యెఱిగిన వారికి ఈ మాట వివరింప నక్కఱలేదు. పడుగు ఎంత పొడవైనను, ఎంత మంచిదైనను, పేక పడనిదే వస్త్రము కాదు. ఒకేసారి విసరిన పేకతోను వస్త్రము కాదు. నాడె ఇటునుండి అటు, అటునుండి ఇటు ఎడతెగక తిరుగుచుండవలెను. భాషయు, కళయు అట్టివే. పెద్దలు తెచ్చిన పడుగు ఈ పేటలో సిద్ధముగా నున్నది. వారము వారము పేక పడవలసియున్నది.

మదనపల్లె పిల్లలకు ఆ సాయంకాలము తాము చేయుచున్నది చరిత్రయని తెలియదు. వారు ప్రతివారమువలె పాడుకొనుటకు వచ్చిరి. వచ్చినందువలననే ఆ పాట వారికి దొరకినది. సలాబత్‌పురా పిల్లలకు ఏ పాట దొరకనున్నదో ఎవరును చెప్పజాలరు. వారు వచ్చి కూర్చుండుటకు ఒక చాప పఱచియుంచుట మాత్రము పెద్దల వంతు. ఈ కార్యమును వచ్చు వారమే ప్రారంభింతురని ఆశ.